ఒకే లైను మీద ఇద్దరు

ఆ ఇంటికి అద్దె ఎందుకు తక్కువో అందులో దిగిన మూడో రోజున బొసిబొరికి తెలిసింది.

ఇంటికి వంక పెట్టడానికి లేదు. ఒకటే గదైనా వెలుతురుంది. వంటకు ఒక మూల ఉంది, స్నానాల గది లోపలే ఉంది. కయోలే పేటలో ఆ అద్దెకు నీళ్ళు లోపలికొచ్చే ఇల్లు దొరకడమే గొప్ప. కానీ రాతి బిల్డింగులు ఒకదాని వీపుకు ఒకటి ఆనించి కట్టేశారేమో, గదిలో ఫోను రాయిలా పడి ఉండేది. తలుపు తీసుకుని మెట్ల మలుపు దాకా వచ్చి, చెయ్యి పైకెత్తి పట్టుకుంటే రెండు సిగ్నలు గీతలు కనబడేవి. ఎవరైనా నీళ్ళ డబ్బా మోసుకుంటూ పక్కనుంచి మెట్లెక్కితే అందులో ఒకటి ఊడిపోయేది.

కబుర్లు చెప్పుకోవడానికే అయితే మెట్ల మీద నిలబడే చెప్పుకునేది. కానీ ఆమె తినే ముద్ద ఆ గీతల్లోంచే రావాలి. ఎక్కడో విదేశంలో ఎవరో మాట్లాడిన మాటలు చెవులకు తగిలించుకుని వినడం, విన్నది విన్నట్టు టైపు కొట్టి పంపడం ఆమె పని. డాక్టర్లు గొణిగిన మాటలు, కోర్టుల్లో సాక్షులు చెప్పినవి, మీటింగుల్లో పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకున్నవి, అన్నీ ఆమె చెవిలోంచి వేళ్ళలోకి దిగేవి. ఐదేళ్ళుగా ఒకే కంపెనీకి చేస్తోంది. ఆ కంపెనీలో ఆమె పేరు మీద ఒక అకౌంటుంది. దానికి వందకి తొంభై ఎనిమిది మార్కులున్నాయి. ఆ మార్కులుంటేనే మంచి పనులొస్తాయి. ఆ అకౌంటు ఆమె పొలం, ఆమె గొడ్డూ గోదా. మొగుడి మాట ఎత్తడం మానేసి ఆరేళ్ళయింది. కూతురు గెసారె సొంతూరు కిసీలో హాస్టల్లో ఉండి చదువుతోంది. పాత ఇంటి గోడ మీద రోడ్డువాళ్ళు కూల్చడానికి గుర్తుగా ఎర్ర రంగుతో అడ్డగీతలు కొట్టి పోయారు గనక ఇక్కడికి వచ్చింది. లేకపోతే కదిలేదే కాదు.

ఫోనులో డేటా వేసుకుని మెట్ల మీద కూర్చుని పని చేస్తే, సంపాదించిన దాంట్లో సగం డేటాకే పోయింది. నాలుగో రోజు పొద్దున్నే బిల్డింగు చూసుకునే ముతిసో దగ్గరికి వెళ్ళింది. ఆయన గేటు పక్కన స్టూలు మీద కూర్చుని, రెండు చేతుల మధ్యా కప్పు పెట్టుకుని టీ ఊదుకుంటున్నాడు.

“పెద్దాయనా, నాకు ఇంటర్నెట్టు కేబులు లైను కావాలి. ఎవరినడగాలి?”

“దేవుణ్ణి,” అన్నాడు ముతిసో.

“ఎగతాళి కాదు.”

“నేనూ ఎగతాళికి అనలేదమ్మా. కొత్త లైను వెయ్యాలంటే కంపెనీవాళ్ళు ఇంటి ఓనరు ఉత్తరం తెమ్మంటారు. మా ఓనరు సంతకం మాటెత్తితే పాముని తొక్కినట్టు ఎగురుతాడు. నీకు అద్దె రసీదిచ్చాడా?”

“లేదు.”

“చూశావా! రసీదిస్తే నువ్విక్కడ ఉన్నట్టు రుజువవుతుంది. రుజువైతే రేపు పొమ్మన్నప్పుడు నువ్వు పోవు.”

“మరి ఈ బిల్డింగు మొత్తానికి ఎవరికీ లైను లేదా?”

ముతిసో ఒక గుక్క తాగి, పైకి చూపించాడు. “పదమూడో నంబర్లో ఉంది. నీ పక్క గోడే. ఓనరు తండ్రి బతికున్నప్పుడు ఓడియెరో అనే ఆయన వేయించుకున్నాడు. ఆ ముసలాయన ఉత్తరమిచ్చాడు, ఆ తర్వాత పోయాడు. ఓడియెరో కిసుము ఊరికి పోయాడు. లైను మటుకు ఎక్కడికీ పోలేదు. కాయితం మీద ఓడియెరోదే. నెల నెలా కట్టేది వఫులా వాళ్ళమ్మ. వెళ్ళి అడుగు, మంచి మనిషి. నోరే కొంచెం పెద్దది.”

వఫులా వాళ్ళమ్మ నోరు నిజంగానే పెద్దది. మెట్ల మీద అడుగు పడగానే లోపల్నుంచే కేక వినబడింది. “రా తల్లీ, గెసారె వాళ్ళమ్మవే కదూ! మెట్ల మీద స్వేచ్ఛా విగ్రహంలా చెయ్యెత్తుకుని నిలబడతావు, నువ్వే కదా? మా మేడమీద వాళ్ళు నిన్ను చూసి, ఎవరికో శాపం పెడుతోందనుకున్నారు.”

ఆమె బుంగోమా వైపు మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. వీధి చివర రేకుల షెడ్డులో జడలల్లుతుంది. కొడుకు వఫులా ఉన్నప్పుడు వాడి గోల పడలేక ఆ లైను ఉంచుకుందట. వాడు తికాలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనికి పోయాడు, ఇప్పుడామె రాత్రి అన్నం వేళ ఒక సీరియలు చూసుకోవడానికి తప్ప అది ఎందుకూ కాదు.

“సగం నువ్వు కట్టు, సగం నేను కడతా. అయిపాయె,” అంది. “గోడకు కన్నం పెడితే వైరు నీ వైపొస్తుంది. ముతిసోకి టీ ఖర్చులిస్తే వాడే పొడుస్తాడు.”

“ఓనరుకి తెలిస్తే?”

“వాడికి తెలిసేది ఒకటో తారీకు మాత్రమే.”

ముతిసో గోడ పైన గాలి కిటికీ పక్కన కన్నం పొడిచి వైరు లాగాడు. ఒక ఆదివారం పొద్దుటికి బొసిబొరి బల్ల మీద చిన్న డబ్బా ఆకుపచ్చగా వెలిగింది. పది నిమిషాలు దాన్నలా చూస్తూ కూర్చుంది. ఇంత చవగ్గా ఈ ఊళ్ళో ఎవరికి దొరికింది! ఓనరు ఉత్తరం లేదు, బయానా లేదు, ఆఫీసుల చుట్టూ తిరగడం లేదు. ఆ సంతోషంలో ఆమెకొక సంగతి తట్టలేదు. ఆ ఇంట్లో ఆమె ఉన్నట్టు కాయితం లేదు, ఆ లైను ఆమె వాడుతున్నట్టు కాయితం లేదు. ప్రపంచం దృష్టిలో ఆమె గాల్లో కూర్చుని పని చేస్తోంది.

ఆ తర్వాత రోజులు బాగానే గడిచాయి. లైను నెమ్మదిస్తే బొసిబొరి గోడ మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టేది. అవతల సీరియలు ఆగేది. “ఆ రాక్షసి కోడల్ని సగంలో ఆపించావు, నీకు పుణ్యముంటుందా!” అని కేక మటుకు వచ్చేది. ఒక పూట మొక్కజొన్న పిండి ఉగాలి ముద్ద, ఆకుకూర ఇటునుంచి అటు పోయేవి. ఇంకో పూట చేపముక్కలు అటునుంచి ఇటొచ్చేవి. పేర్లతో పిలుచుకున్నది లేదు. గెసారె వాళ్ళమ్మా అంటే వఫులా వాళ్ళమ్మా అనుకోవడమే. ఆ బిల్డింగులో ఎవరైనా అంతే. వఫులా వాళ్ళమ్మ అసలు పేరు నెకేసా అని బొసిబొరికి తెలిసింది కూడా ఆర్నెల్లకు, ఆ పరీక్ష రాసినప్పుడు.

పరీక్ష సంగతి ఇలా మొదలైంది. ఇరవై రెండేళ్ళు జడలల్లి నెకేసా వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా తేలాయి. పొద్దున్నే వేడినీళ్ళలో ముంచితే గానీ పిడికిలి ముడుచుకునేది కాదు. ఒకరోజు బొసిబొరి టైపు కొడుతుంటే వచ్చి పక్కన నిలబడి చూసింది.

“ఇలా తట్టడమేనా పని?”

“వినాలి, తట్టాలి.”

“నేను కాలేజీలో టైపు నేర్చుకున్నా, నవ్వకు. మిషను మీద. మీట నొక్కడానికి వేలు వంచక్కర్లేదు కదా. జడకైతే పది వేళ్ళూ వంచాలి.” కాసేపాగి, “నాకూ చెప్పకూడదూ?” అంది.

బొసిబొరి సంతోషంగానే చెప్పింది. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక కూర్చోబెట్టి, ఎక్కడ చుక్క పెట్టాలో, ఎక్కడ మాట వినబడలేదని రాయాలో నేర్పింది. తను పని చేసే కంపెనీకే పరీక్ష రాయించింది, తన చేత్తోనే అన్నీ నింపి. నెకేసా తప్పింది. నెల తర్వాత మళ్ళీ రాసింది. మళ్ళీ తప్పింది. రెండుసార్లు తప్పితే ఆ గుర్తింపు కార్డు మీద ఏడాది దాకా మళ్ళీ రాయనివ్వరు.

“పోనీలే తల్లీ,” అంది నెకేసా. “దేవుడు నాకు జుట్టే రాసిపెట్టాడు, అది కూడా ఎదుటివాళ్ళ జుట్టు.” నవ్వేసి వెళ్ళిపోయింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. బొసిబొరి కూడా ఎత్తలేదు. ఎత్తితే ఆమె నొచ్చుకుంటుందని అనుకుంది.

ఆ తర్వాత మూడు నెలలకు ఒక సోమవారం పొద్దున బొసిబొరి టీ పొయ్యి మీద పెట్టి, కంప్యూటరు తెరిచింది. పనులుండే చోట ఎర్రటి పట్టీ ఉంది. కింద నాలుగు వాక్యాలున్నాయి. మీరున్న లైను మీద రెండు అకౌంట్లు పని చేస్తున్నట్టు గమనించాం. ఒకే మనిషి రెండు పేర్లతో పని చేయడం మా నియమాలకు విరుద్ధం. రెండు అకౌంట్లనూ ఆపాం. గురువారం లోపల రుజువు చూపించకపోతే రెంటినీ శాశ్వతంగా మూసేస్తాం.

టీ పొంగి పొయ్యి మీద పడి మాడు వాసన వచ్చేదాకా ఆమె ఆ నాలుగు వాక్యాలే చదివింది. రెండో అకౌంటేంటి? తనకు రెండోదెక్కడిది? అప్పుడు తల తిప్పి గోడ మీద కన్నం వైపు చూసింది.

పొయ్యి ఆర్పి, చెప్పులు కాళ్ళకు సరిగా ఎక్కకుండానే వీధి చివరికి నడిచింది. రేకుల షెడ్డులో నెకేసా ఒక లావుపాటి ఆవిడను ముందు కూర్చోబెట్టుకుని సన్నజడలు అల్లుతోంది.

“వఫులా వాళ్ళమ్మా, నువ్వు మా కంపెనీలో పని చేస్తున్నావా?”

నెకేసా వేళ్ళు ఆగాయి. “ఇప్పుడా అడగడం? మనిషి తల సగంలో ఉంది.”

“చేస్తున్నావా లేదా?”

“మూడు వారాలైంది,” అంది నెకేసా, నేల చూసి. “మొదటి జీతం రాగానే కోడిని కోసి, నీ ముందు పళ్ళెం పెట్టి చెబుదామనుకున్నా. ఒట్టు.”

“ఏ పేరు మీద? నీ కార్డు మీద ఏడాది దాకా రాయనివ్వరు కదా.”

కింద కూర్చున్న ఆవిడ తల పైకెత్తబోయింది.

“నువ్వు కదలకమ్మా, పాపిట వంకరపోద్ది,” అని ఆమె తల కిందికి నొక్కి, నెకేసా గొంతు తగ్గించింది. “మా చెల్లెలు నసిమియూ కార్డు. ఊళ్ళో ఉంటుంది, దానికి ఈ పనులు అక్కర్లేదు. మా ఇద్దరి ముఖాలూ ఒకటే పోలిక. వఫులా వదిలిపోయిన కంప్యూటరు మీద, దాని పేరుతో మూడోసారి రాశా, పాసయ్యా. పాసైంది నేనే కదే! నా చెవులే, నా వేళ్ళే. పేరు ఒక్కటేగా దానిది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“రెండుసార్లు నీ కళ్ళ ముందు తప్పా. మూడోసారి కూడా నీ ముందు తప్పడానికి మొహం చెల్లలేదు.”

“నా అకౌంటు ఆపేశారు,” అంది బొసిబొరి. “ఇద్దరం ఒకే మనిషి అనుకుంటున్నారు. ఐదేళ్ళది, వఫులా వాళ్ళమ్మా. ఐదేళ్ళు.”

లావుపాటి ఆవిడ తల వంచుకునే అంది. “ఒకే గొడుగు కింద ఇద్దరు నడిస్తే ఒకరి భుజం తడుస్తుందిలే, ఎవరిదో ఒకరిది.”

“నీ చెవులు జడల కింద పెట్టుకో,” అంది నెకేసా, కానీ ఆ మాటలో ఎప్పటి కారం లేదు. దువ్వెన ఒళ్ళో పడేసి రెండు చేతుల్నీ చూసుకుంది. “ఏం చెయ్యాలో చెప్పు. చేస్తా.”

ఏం చెయ్యాలో బొసిబొరికీ తెలియలేదు. కంపెనీకి ఉత్తరం రాసింది, మేం ఇరుగుపొరుగువాళ్ళం, లైను పంచుకున్నాం అని. లైను కాయితం పంపమన్నారు. లైను ఓడియెరో పేరు మీద ఉంది. ఇంటి కాయితం పంపమన్నారు. ఇంటికి కాయితమే లేదు. ముతిసో చేత ఓనరుకి ఫోను చేయించింది. “కాయితం కావాలంటే ఇల్లు ఖాళీ చెయ్యమను, ఖాళీ చేసినట్టు రాసిస్తా,” అన్నాడట ఓనరు. ముతిసో ఆ మాట చెప్పి, తనే సిగ్గుపడ్డట్టు తల గోక్కున్నాడు.

“నన్ను సాక్ష్యం పిలవమను,” అన్నాడు. “ఆదివారం చొక్కా వేసుకునొస్తా. కన్నం పొడిచింది నేనే కదా.”

చివరికి మంగళవారం సాయంత్రం కంపెనీ నుంచి ఒక దారి కనబడింది. గురువారం మధ్యాహ్నం మూడింటికి కెమెరా ముందు కూర్చోండి, ఇద్దరూ, ఒకేచోట, గుర్తింపు కార్డులతో. మీరిద్దరూ వేర్వేరు మనుషులని తేలితే ఆలోచిస్తాం.

“అదెంత పని!” అంది నెకేసా. “ఇద్దరం కనబడతాం. నువ్వు సన్నగా, నేను దిమ్మలా. గుడ్డివాడికైనా తెలుస్తుంది.”

“కార్డు?”

“నసిమియూ ఫోటో పంపింది. ఫోనులో ఉంది. అసలుది బస్సులో పెట్టమంటే గురువారం లోపల రాదు.”

బుధవారమంతా నెకేసా తన గదిలో చెల్లెలి పుట్టిన తేదీ, ఊరు, తండ్రి పేరు వల్లెవేసింది. తండ్రి పేరు ఎందుకు వల్లెవేస్తున్నావు, ఇద్దరికీ ఒకడే కదా అని బొసిబొరి అనబోయి ఊరుకుంది. ఆమెకు నవ్వు రాలేదు. ఉగాలి కలుపుతూ ఒకటే ఆలోచన. వాళ్ళు నన్నడిగితే? నన్నడగరు. నా కార్డు నాది, నా పేరు నాది. అడిగితే? అడగరు. అంతకంటే ముందుకు ఆ ఆలోచనను పోనివ్వలేదు. ఉగాలి గట్టిపడి గరిటె నిలబడేదాకా తిప్పుతూనే ఉంది.

గురువారం మూడింటికి ఇద్దరూ ఒకే బల్ల ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చున్నారు. నెకేసా చర్చి బట్టలు వేసుకుంది, చెవులకు పెద్ద రింగులు. తెర మీద ఒక యువతి వచ్చింది. ఎక్కడో మనీలాలో కూర్చుందట. జుట్టు నున్నగా దువ్వుకుంది. గొంతులో కటువు లేదు. అందుకే బొసిబొరికి భయమేసింది. కసిరేవాళ్ళైతే తిరిగి కసరొచ్చు.

“బొసిబొరి గారూ, మీ కార్డు చూపించండి. మంచిది. ధన్యవాదాలు. ఇప్పుడు రెండోవారు.”

నెకేసా ఫోను ఎత్తి ఫోటో చూపించింది.

“ఫోటో కాదండి, కార్డు.”

“కార్డు ఊళ్ళో ఉండిపోయిందమ్మా. బుంగోమాలో. మా చెల్లెలు... మా అక్క దగ్గర,” అంది నెకేసా. నుదుటి మీద చెమట మొలిచింది.

తెర మీది యువతి ఏదో రాసుకుంది. తర్వాత బొసిబొరి వైపు తిరిగింది. తిరగడానికి కెమెరాలో తేడా ఏముంటుంది, కానీ తిరిగినట్టే అనిపించింది.

“బొసిబొరి గారూ, మీ రికార్డు చూశాను. ఐదేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదు. మీ మాట మీద నాకు నమ్మకముంది. మీరు చెప్పండి చాలు. మీ పక్కన కూర్చున్నావిడ పేరేమిటి?”

గదిలో డబ్బా ఆకుపచ్చ దీపం మినుకుమంటోంది. నెకేసా కదల్లేదు. ఆమె పెద్ద చేతులు ఒళ్ళో ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి.

“మేం...” అంది బొసిబొరి. “మేం పేర్లతో పిలుచుకోమండి. ఈమె వఫులా వాళ్ళమ్మ.”

అది అబద్ధం కాదు. అందులో దాక్కోవచ్చుననుకుంది. తెర మీది యువతి కనుబొమలు కొంచెం దగ్గరికొచ్చాయి.

“అర్థం కాలేదు. మీ లైను పంచుకున్న మనిషి పేరు మీకు తెలియదా?”

“మా దగ్గర అంతేనండి. పిల్లల పేరుతోనే...”

“బొసిబొరి గారూ,” గొంతు ఇంకా మెత్తబడింది. “పేరు తెలియని మనిషికి మీరు లైను ఇచ్చారని నేను రాస్తే, పైవాళ్ళు దాన్నెలా తీసుకుంటారో ఆలోచించండి. మళ్ళీ అడుగుతున్నాను. చివరిసారి.”

బొసిబొరి కళ్ళ ముందు గెసారె కదిలింది, తొంభై ఎనిమిది కదిలింది, మెట్ల మలుపు కదిలింది. పక్కన మనిషి ఊపిరి వినబడుతోంది. ఇక ఆమె ఆలోచించలేదు. నోరు తెరిచింది. పేరు నాలుక మీదికి వచ్చేసింది, చెల్లెలిది కాదు, అసలుది. పెదవి కదలడమే మిగిలింది.

“నెకేసా,” అన్న మాట వినబడింది.

అన్నది తను కాదు. నెకేసానే అంది. కుర్చీ ముందుకు లాక్కుని, తెర మీద ముఖం పెట్టి, గట్టిగా. “నా పేరు నెకేసా. నసిమియూ నా చెల్లెలు. కార్డు దానిది, పని నాది. ఈమెకేం తెలియదు. నేను ఆ పని చేస్తున్నానని ఈమెకు సోమవారం పొద్దున తెలిసింది. ఈమెనెందుకు పీడిస్తావు తల్లీ, పేరు చెప్పలేక చస్తోంది, చూడడం లేదూ?”

ఆ యువతి ధన్యవాదాలు అంది. రాసుకుంది. నసిమియూ పేరు మీదున్న అకౌంటు మూసేస్తున్నామని, ఆ మూడు వారాల పనికి డబ్బు రాదని, నసిమియూ గానీ నెకేసా గానీ ఇక ఎప్పుడూ పరీక్ష రాయలేరని చెప్పింది. బొసిబొరి గారి అకౌంటు సాయంత్రానికి తెరుచుకుంటుంది. ఆ లైను మీద ఇంకెవరూ ఈ కంపెనీ పని చేయకూడదు, అంతే. మీ సహకారానికి సంతోషం. తెర నల్లబడింది. అందులో రెండు ముఖాలు కనబడ్డాయి.

నెకేసా చెవి రింగులు తీసి బల్ల మీద పెట్టింది. “ఏడవకే. నేనేడవాలి గానీ నువ్వెందుకు?”

బొసిబొరి తను ఏడుస్తున్నట్టు అప్పటిదాకా గమనించలేదు.

“రెండుసార్లు అడిగింది కదా,” అంది నెకేసా. “రెండుసార్లూ నువ్వు చెప్పలేదు. నేను చూశా. నీ నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. నీ ఐదేళ్ళు పోతాయని తెలిసి కూడా నోరు పెగల్లేదు నీకు. అది చూశాక ఇంక నేను మనిషినైతే ఎలా ఊరుకుంటా?” ఉబ్బిన వేళ్ళతో ఆమె చెంప తుడిచింది. ఆ వేళ్ళు గరుకుగా ఉన్నాయి. “ఇంతకంటే ఏం చేస్తారు ఎవరైనా ఎవరికైనా.”

చెప్పబోయాను, అని బొసిబొరి అనాలి. అర నిమిషం ఆగి ఉంటే నా నోటితోనే వచ్చేది, అనాలి. అనలేదు. గొంతు పట్టేసిందని తనకు తాను చెప్పుకుంది. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాడు తొమ్మిది పనులొచ్చి పడ్డాయి, నాలుగు రోజులుగా ఆగినవన్నీ.

నెలాఖరున లైనుకి డబ్బు కట్టేటప్పుడు బొసిబొరి మొత్తం తనే ఇస్తానంది. నెకేసా ససేమిరా ఒప్పుకోలేదు. “నువ్వు నా కోసం అంత చేస్తే నేను సగం ఎగ్గొడతానా? నాకు సిగ్గూ శరం లేవనుకున్నావా?” అని ఆ నోట్లు తిరిగి ఆమె చేతిలో కుక్కింది. పొద్దున్నే గోడ అవతల గిన్నెలో వేడినీళ్ళు పోసుకునే చప్పుడు, ఆ తర్వాత చేతులు ముంచినప్పటి మూలుగు ఇటు వినబడుతూనే ఉన్నాయి. ఇప్పుడు నెకేసా షెడ్డుకు పెందలాడే వెళ్తోంది. ఆ మూడు వారాల్లో వదులుకున్న పెద్ద జడల బేరాలు మళ్ళీ పట్టుకోవాలి కదా.

ఒక శనివారం పగలు బొసిబొరి తడిబట్టల బేసిను నడుమున పెట్టుకుని మేడ మీదికి వెళ్ళింది. అప్పటికే నలుగురు ఆడవాళ్ళు తీగల మీద దుప్పట్లు వేస్తున్నారు. దుప్పటి వెనకనుంచి నెకేసా గొంతు వస్తోంది.

“ఆ పిల్ల అడుగుతోంది, చివరిసారి అంటోంది, ఈమె చూస్తే కొయ్యబొమ్మ. చెమటలు కారుతున్నాయి, మాట లేదు. వఫులా వాళ్ళమ్మ అంటుంది, అంతే. నా సొంత చెల్లెలైతే చెప్పేసి ఉండేది, ఒట్టు. కిసీ మనుషులు గట్టివాళ్ళంటే ఏమో అనుకున్నా.”

“అమ్మో, నేనైతే మొదటిసారికే చెప్పేద్దును,” అంది ఎవరో.

“ఎవరైనా చెప్పేవాళ్ళే,” అంది నెకేసా. “అందుకే చెబుతున్నా.”

దుప్పటి గాలికి పక్కకు తొలగింది. నలుగురూ బొసిబొరిని చూశారు. ఒకామె జరిగి, తీగ మీద ఎండ బాగా తగిలే చోటు చూపించింది. “ఇటు రా గెసారె వాళ్ళమ్మా, ఇక్కడ ఆరెయ్యి, త్వరగా ఆరతాయి.” ఎప్పుడూ ఆ చోటు ఎవరూ ఎవరికీ ఇవ్వరు.

బొసిబొరి నోరు తెరిచింది. నెకేసా నవ్వుతూ ఆమె వైపే చూస్తోంది, నిండా నమ్మకంతో.

ఆమె బేసిను కింద దించి, గెసారె గౌను పైకి తీసి, రెండు కొసలూ పట్టుకుని గట్టిగా దులిపింది. నీటి తుంపరలు ముఖం మీద పడ్డాయి. తుడుచుకోకుండా, ఆ ఎండ చోటులోనే దాన్ని తీగ మీద వేసింది.